ఓమ్నీ విప్పి ఇంట్లోనే రెండు సీట్ల కారు: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, ఛాసిస్‌కు ఏ గేజీ పైపు కొనాలె?"

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. ఛాసిస్ అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప ఫ్రేము. దాని పైపు సంగతి ఐదో అంచెలో వస్తుంది. దానికి ముందున్న నాలుగు పనులు వదిలేసి గ్రైండర్ పట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. నా మొదటి ఓమ్నీని ఒక్క కొలత కూడా రాసుకోకుండా నాలుగు రోజుల్లో విప్పేశాను. రెండేళ్లు కొట్టంలో అందులో కోళ్లు గుడ్లు పెట్టాయి. చివరికి పాత ఇనుప సామాన్ల కింద కిలోల లెక్కన పోయింది.

బయటి దేశాల్లో కిట్ కార్ అంటే ఫ్రేము, బాడీ, బ్రాకెట్లు పెట్టెల్లో ఇంటికి వస్తాయి. ఇంజన్, గేర్‌బాక్స్ లాంటివి ఏదో పాత కారు నుంచి తీసి బిగించుకుంటారు. మనం చేసేది కాస్త వేరు. ఒక పాత బండిని మొత్తంగా కొని, దాని యంత్రభాగాలనే కిట్ అనుకుని, చుట్టూ ఫ్రేము సొంతంగా కట్టుకుంటాం.

## 1. రోడ్డు సంగతి ముందే తేల్చుకోండి

ఇంట్లో కట్టిన కారుకు మన దగ్గర నంబరు ప్లేటు రాదు. ఏ మోడల్ అయినా పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షకు నిలబడి ఆమోదం పొందాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ రూలు చెబుతుంది. ఒక్క కారు కోసం మనలాంటివాళ్లం చేయించగలిగే పని కాదది.

"పాత ఓమ్నీ ఆర్‌సీ మీదే తిప్పుకుంటా" అనేవాళ్లకు: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మనం చేసేది ఒక మార్పు కాదు, బండి మొత్తం.

కాబట్టి ఇది కంచె ఉన్న సొంత జాగాలో, బత్తాయి తోటలో, ప్రహరీ లోపల నడుపుకునే బండి. ఊరి సీసీ రోడ్డు కూడా రోడ్డే. వేరే చోటికి తీసుకుపోవాలంటే బొలెరో ట్రాలీ మీద ఎక్కించాలి. ఇంజనీరింగ్ చదివే పిల్లలైతే కాలేజీ టీంతో బాహా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ పోటీలకు పోవచ్చు. వాళ్ల రూల్ బుక్కులు వేరు, వాటినే పాటించాలి.

ఇది ఒప్పుకోగలిగితేనే ముందుకు రండి. కట్టాక బాధపడేవాళ్లను చూశాను.

## 2. జాగా, కరెంటు

కనీసం 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కావాలి. పశువుల కొట్టం చాలు, కానీ కింద గట్టి నేల ఉండాలి. మట్టి నేల మీద జాకీ పెడితే కుంగుతుంది. మొత్తం గచ్చు చేయించలేకపోతే బండి నిలిచే మేరకన్నా సీసీ పోయించండి.

వెల్డింగ్‌కు ఇంటి సింగిల్ ఫేజు మీద 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషన్ నడుస్తుంది. వైరు మాత్రం 4 స్క్వేర్ ఎంఎంది బోర్డు నుంచి నేరుగా లాగించండి. మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టి వెల్డింగ్ చేస్తే వైరు చుట్ట కరిగి ముద్దవుతుంది. ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. ఆ వేడిలో హెల్మెట్, గ్లౌజులు తీసేయాలనిపిస్తుంది, దెబ్బలు తగిలేది అప్పుడే.

మొదటి రోజుకే ఉండాల్సినవి:

- గ్రైండర్, దాని గార్డు తీయకుండా (గార్డు తీసి కోసేవాళ్ల దగ్గర పని నేర్చుకోవద్దు)
- వెల్డింగ్ హెల్మెట్, తోలు గ్లౌజులు, కళ్లద్దాలు
- 8 నుంచి 24 దాకా రింగు పానాలు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి
- మూలమట్టం, రసమట్టం, మేస్త్రీ తూకం గుండు, మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ ట్యూబు
- ఒకే ఒక్క టేపు (రెండు టేపులు ఉంటే రెండు కొలతలు వస్తాయి, నవ్వులాట కాదు)
- కనీసం పది సీ క్లాంపులు
- చైన్ పుల్లీ, జాకీ, నాలుగు స్టాండ్లు
- 2 కిలోల పౌడర్ ఫైర్ సిలిండర్, ఒక బకెట్ ఇసుక

## 3. బండి ఎంపిక

నా ఓటు మారుతి ఓమ్నీకే. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, బండి పొడవునా కూర్చున్న గేర్‌బాక్స్, వెనక హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ గూడు), ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే. ఇంజన్ ముందు పెట్టి, మనం వెనక కూర్చునే కారుకు ఇంతకన్నా తేలికైన అమరిక పాత బండ్లలో దొరకదు. మారుతి 800లో ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. దాన్ని వాడాలంటే మొత్తం సరంజామాను వెనక్కి మార్చాలి. మొదటి ప్రయత్నానికి వద్దు.

కార్బురేటర్ ఓమ్నీ దొరికితే వైరింగ్ సగం తగ్గుతుంది. ఎంపీఎఫ్ఐ (చిన్న కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే రకం) అయితే ఈసీఎం (ఆ కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్ కట్ట మొత్తం చెక్కుచెదరకుండా రావాలి. మన దగ్గర చాలా ఓమ్నీలకు గ్యాస్ కిట్ ఉంటుంది. ఆ సిలిండర్‌ను మీరు ముట్టుకోకుండా, గ్యాస్ కిట్లు బిగించే వర్క్‌షాపులోనే తీయించండి.

కొనే ముందు అరగంట నడపండి. స్టార్ట్ కాని బండి ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. ఆ తర్వాత ఏది పాడైందో, మీరేం పాడుచేశారో తేల్చుకోలేరు.

- పొద్దున చల్లటి ఇంజన్ మీద సెల్ఫ్ కొట్టి చూశారా?
- ఆయిల్ మూత కింద పాలమీగడలా తెల్లటి జిగురు ఉందా? ఉంటే వదిలేయండి.
- నీలం పొగ? రెండో గేరులో కరకర? హౌసింగ్ నుంచి ఈలలాంటి మోత?
- మూడు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉందా?
- ఆర్‌సీ అమ్మేవాడి పేరు మీదే ఉందా? ఫైనాన్సు, చలాన్లు తేలాయా?

పాత ఏపీ 24 (నల్గొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) నంబర్లలో నాలుగు చేతులు మారి, పేరు మాత్రం మొదటి యజమానిదే ఉన్న బండ్లు తరచూ తగులుతాయి. ముందు మీ పేరుకు మార్చుకోండి. విప్పాలని నిర్ణయించుకున్నాక ఆర్టీఏ ఆఫీసులో రిజిస్ట్రేషన్ రద్దుకు పెట్టాలి. బండి శాశ్వతంగా పనికిరాకుండా పోతే 14 రోజుల్లో తెలియజేయాలని 55వ సెక్షన్ అంటుంది. ఛాసిస్ నంబరు కొట్టి ఉన్న రేకు ముక్కను పారేయొద్దు. ఆఫీసులో అడగొచ్చు.

## 4. విప్పే ముందు కొలవండి

ఈ అంచెకు రెండు ఆదివారాలు పెట్టండి. నా మొదటి బండి చచ్చింది ఇక్కడే.

బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టి, టైర్లలో గాలి సమానంగా పెట్టి, నాలుగు చక్రాల మధ్యబిందువుల నుంచి తూకం గుండు వేలాడదీసి నేల మీద మార్కరుతో గుర్తులు పెట్టండి. ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. ఓమ్నీకి కంపెనీ లెక్క 1840 మి.మీ. ఎడమకు, కుడికి తేడా బాగా కనిపిస్తే ఆ బండి ఎప్పుడో గుద్దుకుందన్నమాట. దాని ముందు వైపు క్రాస్ మెంబరును (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం) మూలమట్టంతో పరీక్షించకుండా వాడొద్దు.

తర్వాత రాసుకోవాల్సినవి:

- లోయర్ ఆర్ములు (ముందు చక్రాలను కింది నుంచి పట్టుకునే చేతులు) బిగించిన బోల్టులు నేల నుంచి ఎంత ఎత్తు, బండి మధ్య గీత నుంచి ఎంత దూరం
- ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసి ఉన్న నిలువు కడ్డీ) పైభాగం ఎంత ఎత్తున ఉంది, ఎంత వెనక్కి వాలింది, ఎంత లోపలికి వంగింది
- స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను పక్కకు తిప్పే అడ్డ కడ్డీ) ఎత్తు, లోయర్ ఆర్ములకు దాని దూరం
- ఇంజన్ ఏ వాలులో కూర్చుంది
- కమాన్ కట్టల (వెనక వైపు ఇనుప పట్టీల స్ప్రింగులు) రెండు చివరల మధ్య దూరం, హౌసింగ్ మూతి ఎంత కోణంలో పైకి చూస్తోంది

స్ట్రట్ వాలును అలాగే కొత్త ఫ్రేముకు ఎక్కించాలి. అది తగ్గితే స్టీరింగ్ తిప్పాక దానంతటది మధ్యకు రాదు.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ వైరు, తర్వాత పెట్రోలు మొత్తం దించడం, ట్యాంకు తీసి బయట నీడలో పెట్టడం. ఆ తర్వాతే గ్రైండర్ లోపలికి రావాలి. ప్రతి వైరు జాయింటుకు రెండు వైపులా ఒకే నంబరు చీటీ కట్టండి. బోల్టులను జిప్ కవర్లలో వేసి, ఏ భాగానివో రాసిన చీటీ లోపల పెట్టండి, పైన అతికిస్తే గ్రీజుకు ఊడిపోతుంది. వీలైన చోటల్లా బోల్టును తీసిన కన్నంలోకే మళ్లీ వదులుగా తిప్పేయండి.

బాడీని మాత్రం ఇప్పుడే అమ్మొద్దు. పెడల్ సెట్టు, హ్యాండ్ బ్రేకు బ్రాకెట్, సీటు బెల్టు నట్లు బిగించిన రేకులు అన్నీ దానిలోనే ఉన్నాయి. కారు చక్రాల మీద నిలబడేదాకా ఆ గుల్ల కొట్టం బయట ఉండనివ్వండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా.

## 5. పైపు

ఇప్పుడు ఆ ప్రశ్న. నేను వాడింది 25 × 25 మి.మీ. స్క్వేర్ పైపు, 16 గేజీ, అంటే 1.6 మి.మీ. మందం. ఇంజన్, కమాన్లు, లోయర్ ఆర్ములు కూర్చునే చోట 14 గేజీ, అంటే 2 మి.మీ.

చాలా దుకాణాల్లో 16 గేజీ అడిగితే ఇంకా పల్చటి 18 కూడా చేతికి వస్తుంది. కోసిన అంచు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. కాంటా మీద పెట్టించండి. 6 మీటర్ల పైపు 1.6 మి.మీ. అయితే దాదాపు 7 కిలోలు తూగుతుంది. 5 కిలోల పైచిలుకే వస్తే అది 1.2 మి.మీ. పైపు. 2 మి.మీ. పైపు ఎనిమిదిన్నర దగ్గర్లో ఉండాలి. దుకాణదారు కిలోల లెక్కనే అమ్ముతాడు కాబట్టి తూకానికి మొహమాటం అక్కర్లేదు.

నల్ల పైపే కొనండి. జింకు పూత ఉన్న జీఐ పైపును వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది. ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

డ్రైవర్ వెనక నిలిచే రోల్ బార్‌కు ఈ పైపు పనికిరాదు. దానికి మందపాటి సీమ్‌లెస్ (అతుకు లేని) గుండ్రటి పైపు తీసుకుని, వంచే మిషన్ మీద వంపించండి. ఇసుక పోసి కాల్చి వంచడం మంచం కోళ్లకు సరే, ప్రాణం నిలబెట్టే పైపుకు కాదు.

## 6. టేబుల్

ఫ్రేము ఎంత తిన్నగా వస్తుందో టేబుల్‌ను బట్టే ఉంటుంది. 10 అడుగుల సీ చానెళ్లు రెండు, వాటి మధ్య అడ్డంగా నాలుగు, రెండడుగుల కాళ్లు, పైన 19 మి.మీ. ప్లైవుడ్. నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలూ ఒకే మట్టానికి తెచ్చి, కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి సరిచేయండి. పొట్టి రసమట్టం పది అడుగుల పొడవుకు నమ్మకమైంది కాదు.

ప్లైవుడ్ మీద ఫ్రేము అడుగు భాగాన్ని అసలు సైజులో గీయండి. ముందు మధ్య గీత, తర్వాత రెండు యాక్సిల్ గీతలు, ఆ తర్వాతే మిగతావి. నేను చక్రాల మధ్య దూరం 2200 మి.మీ. పెట్టుకున్నాను. ఇంజన్ వెనక ఇద్దరు కూర్చోవాలంటే ఓమ్నీ దూరం సరిపోదు. గీతల మీద సీట్లు పెట్టి, ఇటుకలు పేర్చి పెడల్స్ పెట్టి, కూర్చుని చూడండి. ఇంట్లో అందరికన్నా పొడుగువాడిని కూడా కూర్చోబెట్టండి.

ఒక మాట: బానెట్ నేలబారుగా ఉండే స్పోర్ట్స్ కారు బొమ్మలు ఫోనులో దాచుకున్నవాళ్లు వాటిని పక్కన పెట్టండి. ఓమ్నీ ముందు స్ట్రట్లు పొడుగు. అవి బానెట్ పైకి పొడుచుకొస్తాయి. ముక్కు ఎత్తుగా ఉండే బగ్గీ ఆకారమే వీటికి అతుకుతుంది.

## 7. కోత, టాక్, వెల్డింగ్

వరుస ఇది:

1. ఎడమ, కుడి పైపులను జంటగా కట్టి ఒకేసారి కోయండి. పొడవులో తేడా రాదు.
2. అతుకు దగ్గర సందు ఒక మిల్లీమీటరు మించితే ఆ ముక్క పక్కన పడేసి మళ్లీ కోయండి. పల్చటి పైపు మీద సందును రాడ్డుతో నింపాలంటే చిల్లులు పడతాయి.
3. గీత మీద పైపు పెట్టి, రెండు పక్కలా చెక్క ముక్కలు స్క్రూలతో బిగించి కదలకుండా చేయండి. అతుకు కింద రేకు ముక్క పెట్టండి, లేకపోతే ప్లైవుడ్ అంటుకుంటుంది.
4. ప్రతి అతుక్కు చిన్న టాకులు (కదలకుండా పట్టి ఉంచే చుక్క వెల్డింగులు) మాత్రమే. మొత్తం ఫ్రేము, అడుగు భాగం, నిలువులు, పై పట్టీలు, వాలు పైపులు, అన్నీ టాకుల మీదే నిలబడాలి.
5. మూల నుంచి మూలకు ఐమూలగా కొలవండి. రెండు కొలతలకూ 2 మి.మీ. మించి తేడా ఉంటే టాకు కోసి సరిచేయండి.
6. ఇంజన్, గేర్‌బాక్స్, సీట్లు, పెడల్స్ లోపల పెట్టి చూడండి. గేరు లీవరు దాకా పోయే రాడ్లు ఓమ్నీలో ముందుకు పోతాయి. ఇక్కడ మీరు గేర్‌బాక్స్ పక్కనే కూర్చుంటారు కాబట్టి వాటిని మార్చాలి. ఆ చోటు ఇప్పుడే చూసుకోండి.
7. అన్నీ సరిపోయాకే పూర్తి వెల్డింగ్.

ఏడో పనిలో నేను చేసిన తప్పు చెబుతాను. రెండో ఫ్రేముకు టాకులన్నీ బాగా వచ్చాయి, ఐమూల కొలతలు మిల్లీమీటరు తేడా లేకుండా కుదిరాయి. ఆ ఉత్సాహంలో ఎడమ పక్క అతుకులన్నీ ఒకే సాయంత్రం పూర్తిచేశాను. పొద్దున చివరి క్లాంపు వదులు చేయగానే టక్‌మని చప్పుడొచ్చి ముందు మూల ఒకటి టేబుల్ మీద నుంచి లేచింది. దాని కింద పది రూపాయల బిళ్లలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి తోస్తే లోపలికి పోయాయి. నాలుగు అతుకులు కోసి మళ్లీ కట్టాను.

కారణం మామూలుదే. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుని, వెల్డింగ్ ఉన్న వైపుకే పైపును లాగుతుంది. అందుకే ముందువైపు ఎడమ మూల ఒక అంగుళం, తర్వాత దానికి ఎదురుగా వెనక కుడి మూల ఒక అంగుళం, అలా తిరగాలి. అతుకు చేయి పెట్టేంత చల్లారాకే దాని పక్కకు మళ్లీ రావాలి. నీళ్లు చల్లి చల్లార్చొద్దు. ఫ్రేము మొత్తం అయ్యేదాకా క్లాంపులు తీయొద్దు.

రాడ్డుతో అయితే 2.5 మి.మీ.ది, 60 నుంచి 80 ఆంప్స్ మధ్య, ముందు తునక పైపు మీద చూసుకుని. వానాకాలంలో చెమ్మ పట్టిన రాడ్లు చిటపటమంటాయి, వాటిని ఎండబెట్టాకే వాడండి. వీలైతే టాకులు మీరు వేసుకుని, పూర్తి వెల్డింగ్‌కు సీఓటూ మిషన్ (రాడ్డు బదులు తీగతో, గ్యాస్ వాడి అతికించేది) ఉన్న మంచి వెల్డర్‌ను పిలిపించండి. గేట్లు, కిటికీలు చేసే వెల్డర్ అయితే ఈ వరుస ముందే చెప్పాలి. ఆయనకు తొందర ఉంటుంది.

వెల్డింగ్ మీద అప్పుడే పుట్టీ పెట్టే అలవాటు మానుకోండి. పగులు ఉంటే కనిపించాలి కదా. ప్రస్తుతానికి రెడ్ ఆక్సైడ్ చాలు.

## 8. చక్రాల మీద నిలబెట్టడం

ముందు క్రాస్ మెంబరు, లోయర్ ఆర్ములు, స్టీరింగ్ ర్యాక్ మూడింటినీ ఓమ్నీలో ఉన్న దూరాల్లోనే ఎక్కించండి. జాగా కుదరలేదని ర్యాక్ ఒక్కదాన్ని పైకి జరిపితే, గుంతలో చక్రం పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే పక్కకు లాగుతుంది. స్టీరింగ్ రాడ్డును మాత్రం కోసి అతికించొద్దు. పొడవు చాలకపోతే క్రాస్ జాయింట్లున్న ఇంకో బండి రాడ్డు వెతకండి, విజయవాడ ఆటోనగర్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ దొరుకుతుంది.

బోల్టుల తల మీద 8.8 అని (బలం చెప్పే అంకె) అచ్చు ఉండాలి. చక్రాలకు, స్టీరింగుకు సంబంధించిన ప్రతి చోటా నైలాక్ నట్లే (లోపల నైలాన్ రింగు ఉండి సులువుగా వదులుకానివి).

గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పొడుగు చేయించాలి. హౌసింగ్ మీద బరువు పడి కమాన్లు దిగిన స్థితిలో కొలత తీసుకోండి, గాల్లో ఉన్నప్పుడు కాదు. మధ్యలో ముక్క అతికించకుండా మొత్తం కొత్త ట్యూబు వేయించండి. మా లేత్ మిషన్ ఆయన మొదటి రోజే షాఫ్ట్‌ను నేల మీద పెట్టి, ఒక చివరి చెవుల్లోంచి (క్రాస్ జాయింట్ కూర్చునే కొమ్ములు) రెండో చివరి చెవుల వైపు ఒక కన్ను మూసి చూపించాడు. "ఈ రెండు జతల చెవులు ఒక్క లైన్ల ఉండాలె తమ్మీ. జర మర్లినా బండి గుర్రుమంటది." ఇంటికొచ్చాక మీరూ అలాగే చూసుకోండి. బ్యాలెన్సింగ్ తప్పకుండా చేయించండి.

వెనక కమాన్లు ఓమ్నీ నిండా మనుషుల్ని మోయడానికి చేసినవి. మీ కారు తేలిక, కాబట్టి గట్టిగా ఎగరేస్తుంది. కమాన్లలో పట్టీ తీసేయడానికి తొందరపడొద్దు. ముందు ట్రాలీ మీద ఏదైనా రైస్ మిల్లు ధర్మకాంటాకు తీసుకుపోయి, దింపి, ముందు చక్రాలు ఒక్కటే, వెనక చక్రాలు ఒక్కటే తూకం వేయించండి. మిర్యాలగూడ వైపు వాళ్లకు ఈ పని సులువు. ఆ బరువును బట్టి ఎన్ని పట్టీలు తీయాలో కమాన్లు కట్టే ఆయన చెబుతాడు.

## 9. బ్రేకులు, పెట్రోలు, వైరింగ్

ఇంజన్ స్టార్ట్ చేయకముందే బ్రేకులు పూర్తవ్వాలి. ఓమ్నీ పెడల్ సెట్టు, మాస్టర్ సిలిండర్ మొత్తంగా ఎక్కించి, రబ్బరు హోసులు, సీల్ కిట్లు కొత్తవి వేయండి. పెడల్ బిగించిన పట్టీని ఎవరైనా గమనిస్తుండగా శక్తికొద్దీ తొక్కండి. పట్టీ వంగితే అక్కడ ఇంకో పైపు కావాలి.

పెట్రోలు గొట్టం, వైర్లు రెండూ ఒకే పక్క నుంచి పోకూడదు. పెట్రోలు గొట్టం సైలెన్సర్‌కు దూరంగా, బ్రాకెట్లతో కట్టి ఉండాలి. వైరింగ్ కట్టను కోసి పొట్టిగా చేయకుండా మిగిలింది మడిచి కట్టండి. డ్రైవర్ చేతికందే చోట బ్యాటరీ కటాఫ్ స్విచ్ పెట్టండి. ఎక్కడైనా మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ విప్పండి. ఎంపీఎఫ్ఐ అయితే ఈసీఎం కూడా తీసి పక్కన పెట్టండి.

## 10. మొదటి సెల్ఫ్, మొదటి వంద గజాలు

వెనక చక్రాలు స్టాండ్ల మీద గాల్లో ఉండగా, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి స్టార్ట్ చేయండి. స్పార్క్ ప్లగ్గులు తీసి ముందు పదేసి సెకన్లు సెల్ఫ్ తిప్పితే ఆయిల్ పైకెక్కుతుంది. తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఆగండి. ఆయిల్, నీళ్లు, పెట్రోలు కారుతున్నాయేమో టార్చితో చూడండి.

తోటలో మొదటిసారి నడిపేటప్పుడు:

- హెల్మెట్, సీటు బెల్టు, పక్క సీటు ఖాళీ
- బాట మీద పిల్లలు, పశువులు లేరని చూసే మనిషి ఒకరు, ఫైర్ సిలిండర్‌తో
- మొదటి గేరులోనే, పది అడుగులకోసారి బ్రేకు
- నాలుగు బ్రేకులూ సమానంగా పట్టాయా? మట్టిలో టైరు గుర్తులు చూడండి
- స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే టైరు దేనికైనా తగులుతోందా?

తిరిగొచ్చాక ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో చూసి, నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత నడిపిన ప్రతిసారీ ఆ గీతలు చూడండి. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపించిన చోట నట్టు కదిలినట్టే. నా బండిలో మొదటి వారం ఆరు విరిగాయి, నాలుగు ఎడమ కమాన్ దగ్గరే. ఆ బ్రాకెట్ ఊడదీసి చూస్తే, కన్నం అర మిల్లీమీటరు పెద్దగా కొట్టానని తేలింది.